టైరు మీద సుద్దగీత

మా ఆయన డూగల్డ్ బ్రెమ్నర్‌కి మాటలు తక్కువ. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో నాతో నోటితో చెప్పినదానికన్నా కార్ల కింద పడుకుని పానాతో కొట్టి చెప్పిందే ఎక్కువ. ఒక దెబ్బ కొడితే ఆపమని. రెండు కొడితే మళ్ళీ తిప్పమని. మూడు కొట్టాడంటే దొరికిందని. పైన స్టీరింగ్ ముందు కూర్చుని ఆ దెబ్బల్ని బట్టి తిప్పే మనిషిని నేను, నోలీన్‌ని.

పాత కార్లకి వచ్చే జబ్బుల్లో పెద్దది స్టీరింగ్ వదులు కావడం. మెకానిక్కులు ప్లే అంటారు. నువ్వు ఇక్కడ తిప్పుతావు, రెండంగుళాలు ఊరికే తిరుగుతుంది, ఆ తరవాత గాని ముందు చక్రాలు వినవు. నీ చేతికీ ఆ చక్రాలకీ మధ్య డజను కీళ్ళు ఉంటాయి. ఏ కీలు అరిగిందో కంటికి కనపడదు. పైన ఒకరు మెల్లగా అటూ ఇటూ ఊపుతుంటే, కింద ఒకరు ఒక్కొక్క కీలు మీదా వేలు పెట్టి చూడాలి. మంచి కీలైతే రెండు వైపులా ఒక్కసారే కదులుతుంది. అరిగిందైతే ఒక వైపు కదిలాక రెండో వైపు వెంట్రుకవాసి ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యం తెలిసేది వేలికొసకే.

పన్నెండేళ్ళు డునీడిన్‌లో రైల్వే షెడ్డులో చేతులు అదిరిపోయే గాలి సుత్తి పట్టుకుని పనిచేసి, పంతొమ్మిది వందల యాభై మూడులో కెల్విన్ ఫ్లాట్ అనే ఈ ఊళ్ళో ఈ షెడ్డు పెట్టాడు మా ఆయన. దక్షిణ ఒటాగోలో ఇంతకన్నా పేరున్న వేళ్ళు లేవని చెప్పుకునేవారు. మొహమాటం అనేది ఆయన ఒంట్లో లేదు. క్రిస్మస్ ముందు రోజు పాస్టరు గారి కారు వస్తే, ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు పోయాయి, నడపడానికి వీల్లేదన్నాడు. పాస్టరు గారు ఆ పండక్కి మూడు చర్చిలూ సైకిలు మీద తిరిగారు. నేను సిగ్గుతో చచ్చాను. మాకు క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది; ఆయన మాత్రం మటన్ పై తింటూ, చలికాలం కాదు కదా అన్నాడు.

ఏటా ఈస్టర్ శనివారం నాడు మా పాత కార్ల క్లబ్బు సాడిల్ కొండ ఎక్కి అవతల సముద్రం ఒడ్డుకి వెళ్తుంది. ఎక్కడం ఫరవాలేదు. దిగేటప్పుడు పదకొండు మలుపులు, కంకర రోడ్డు, ఎడమ చేతి పక్కన కట్టా లేదు కంచే లేదు, కింద బండలు, సముద్రం. అందుకని క్లబ్బులో ఒక కట్టుబాటు. డూగల్డ్ చూసి కుడి ముందు టైరు పక్కన సుద్దతో ఒక గీత గీస్తేనే ఆ కారు కొండెక్కాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఆ గీత ఉంటే జనం పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించుకుని నిశ్చింతగా దిగేవారు.

ఎనభై ఎనిమిది ఈస్టర్‌కి పదకొండు కార్లు పేర్లిచ్చాయి. సోమవారం నుంచి బుధవారం దాకా పది చూశాం. గురువారం మా ఆడపడుచు ఐలా తన కారు తెచ్చింది. ఐలా మా ఆయనకన్నా అయిదేళ్ళు పెద్ద, అరవై తొమ్మిది. పల్లెలన్నీ తిరిగిన నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి మాటా వినలేదు. వాళ్ళ నాన్న ముప్పై తొమ్మిదిలో కొన్న నల్ల కారు ఆమె దగ్గరే ఉంది. పేరు జెర్టీ. స్టీరింగ్ ఊరికే తిరుగుతోందనీ, తను ఒకటి చెప్తే జెర్టీ ఒకటి చేస్తోందనీ, అచ్చం తమ్ముడి పోలికేననీ చెప్పి తాళాలు బల్ల మీద పడేసి వెళ్ళింది.

ఆయన కింద పడుకున్నాడు, నేను పైన ఊపాను. బేరింగులు, కింగ్ పిన్నులు, బాల్ జాయింట్లు, ఒకదాని తరవాత ఒకటి. అన్నీ బాగున్నాయన్నాడు. ఇక మిగిలింది స్టీరింగ్ బాక్స్. దానికి పైన ఒక స్క్రూ ఉంటుంది, బిగిస్తే లోపలి పళ్ళు దగ్గరై వదులు పోతుంది. తెలియనివాళ్ళు ముందు దాని మీదే పడతారు. ఆయన ఎప్పుడూ ఆఖర్న ముట్టుకునేవాడు. ముట్టుకోబోయే ముందు ఒక తంతు ఉంది. బాక్స్‌నుంచి కిందకి వేలాడే ఇనప చేతిని చక్రాల వైపు పోయే కడ్డీ నుంచి విడదీయాలి. స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం దగ్గర ఆపాలి. అదీ బాక్స్‌కి అసలు నడుము. అక్కడే పళ్ళు బిగుతుగా ఉంటాయి, అటూ ఇటూ పోయేకొద్దీ వదులవుతాయి. నడుము దగ్గర పెట్టి సరిచేస్తే క్షేమం. పక్కన ఎక్కడో పెట్టి బిగిస్తే, తిప్పుతూ తిప్పుతూ నడుము దగ్గరికి వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిరిగిన కారు తిన్నగా రాదు.

ఆ కడ్డీ ఊడాలంటే ముందు నట్టులో దూర్చిన చిన్న స్ప్లిట్ పిన్ను లాగాలి. గురువారం నాడు పట్టకారు దాని మీద జారడం విన్నాను. జారింది, మళ్ళీ జారింది. ఆ తరవాత, విడదీయక్కర్లేదు, స్టీరింగ్ చక్రం లోపలి పుల్లలు తిన్నగా పెట్టు చాలన్నాడు. లెక్కపెట్టవా అని అడిగాను.

"నాన్న కారు. ఆ స్టీరింగ్ బిగించింది నేను. పుల్లలు తిన్నగా ఉంటే బాక్స్ నడుము మీదే ఉంటుంది" అన్నాడు.

నిజమే కదా అనుకున్నాను. పుల్లలు తిన్నగా పెట్టాను, ఆయన స్క్రూ బిగించాడు, వదులు పోయింది. ఊళ్ళో అన్నీ కుడి మలుపులే ఉన్న ఓ చుట్టు తిప్పుకొచ్చి, బాగుందని సుద్దగీత గీశాడు. అప్పటికి రెండేళ్ళుగా ఆయన చొక్కా పై గుండీ పెట్టుకోవడం మానేశాడు. బూట్లకి తాళ్ళు మానేసి లాగి తొడుక్కునేవి కొన్నాడు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవాడు. ముసలాడివైపోయావు, బద్ధకం పట్టుకుందని నేను ఎగతాళి చేసేదాన్ని, ఆయన నవ్వేవాడు. ఇంత పక్కన పడుకుని నాకు అర్థం కాలేదంటే నన్ను నేను తిట్టుకోవడానికి ఇప్పటికీ మాటలు చాలవు.

శనివారం తొమ్మిదింటికి మా ఊరి హాలు ముందు నుంచి పదకొండు కార్లూ బయల్దేరాయి. మేమిద్దరం, క్లబ్బు కార్యదర్శి స్టూవర్ట్ పీబల్స్ ఆగాం. మధ్యాహ్నం భోజనం మా పికప్ బండిలో ఎక్కించి మెల్లగా వెనక వెళ్ళాలని ఏర్పాటు. పీబల్స్ కారుని అతని భార్య మేవిస్ నడుపుకుంటూ ముందే వెళ్ళింది. పీబల్స్ మంచివాడే. ఎవరికి ఏం పాడైనా అడక్కుండానే వచ్చి బాగుచేస్తాడు, అదొక్కటే అతనితో చిక్కు.

ఉడికించిన పంది తొడ, కేకులు, కుండలూ ఎక్కించేసరికి పది దాటింది. తాడు కడుతూ పీబల్స్, జెర్టీ హారన్ ఇప్పుడు బాగా మోగుతోంది కదా అన్నాడు. ఏ హారన్ అని అడిగాడు మా ఆయన. పీబల్స్ కాస్త తటపటాయించాడు. పోయిన చలికాలంలో ఐలా హారన్ పోయిందట. అంత చిన్నదానికి తమ్ముణ్ణి కదిలించడం ఎందుకని పీబల్స్‌ని పిలిచిందట. హారన్ తీగ స్టీరింగ్ లోపల తెగింది కాబట్టి స్టీరింగ్ మొత్తం ఊడదీశాడట.

"తిరిగి పెట్టేటప్పుడు కాడ మీద రెండు పళ్ళు పక్కకి కూర్చుంది. పుల్లలు వంకరగా కనపడ్డాయి. మళ్ళీ ఊడదీయడం ఎందుకని కింద కడ్డీ పొడుగు మార్చి తిన్నగా తెచ్చేశాను. చూస్తే ఎవరికీ తెలియదు" అన్నాడు.

నాతో ఎందుకు చెప్పలేదని మా ఆయన అడగలేదు. అడగక్కర్లేదు. నువ్వు చూసే కారు మీద నేను చెయ్యేశానని ఒకడి మొహం మీద ఎలా చెప్తామని పీబల్స్ ఊరుకున్నాడు. తమ్ముడు నొచ్చుకుంటాడని ఐలా ఊరుకుంది. మా దగ్గర అంతే, ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని నోరు మూసుకుని వాడి ప్రాణం మీదకి తెస్తాం. మా ఆయనకి అర్థమైంది. పుల్లలు తిన్నగా ఉన్నాయి గాని బాక్స్ నడుము మీద లేదు. ఆయన బిగించింది పక్కన. ఎడమ మలుపులో అది నడుము దాటుతుంది, అక్కడ పట్టేస్తుంది. సాడిల్ దిగేటప్పుడు మొదటి మలుపే ఎడమకి.

"ఎక్కు నోలీన్" అన్నాడు.

స్టీరింగ్ నేనే పట్టుకున్నాను. కొండ మీద పాత రాతి పాక దగ్గర అందరూ టీకి ఆగుతారు. అక్కడ ఫోను లేదు. పది నలభైకి దిగడం మొదలుపెడతారు. మొదట దిగేది ఎప్పుడూ ఐలాయే, ఇంకొకరి దుమ్ము తినడం ఆమెకి గిట్టదు. అప్పుడు టైము పది దాటి పన్నెండు నిమిషాలు. పదిహేను కిలోమీటర్లు, అంతా ఎక్కుడే, వెనక పెళ్ళివారి సామానంత బరువు. ఎంత తొక్కినా బండి మూలిగేదే గాని పరిగెత్తేది కాదు. గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటుతుంటే నాలుగు నిమిషాలు పోయాయి. ఆ గొర్రెల్నీ, వాటి కాపరినీ, కుక్కనీ కలిపి తిట్టాను.

మా ఆయన మధ్యలో కూర్చుని చేతులు మోకాళ్ళ సందున పెట్టుకున్నాడు. గొర్రెలు పోతుండగా ఆ చేతుల వైపు చూశాను. కుడి చూపుడు వేలి మీద పెద్ద బొబ్బ, పగిలి ఉంది. నిన్న కెటిల్ దింపినప్పుడు కాలినట్టుంది. కాలితే మనిషి అరుస్తాడు. ఆయన అరవలేదు, నాకు చెప్పనూ లేదు. గురువారం పట్టకారు జారిన చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది.

"డూగల్డ్, ఆ పిన్ను ఎందుకు తీయలేదు?" అని అడిగాను.

చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ క్షణంలో నాకు భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. పక్కన పీబల్స్ లేకపోతే బండి ఆపి కొట్టేదాన్నేమో. నాన్న కారు, నేను బిగించింది అన్నదంతా సాకు. ఆ పిన్ను ఎక్కడుందో ఆయన వేళ్ళకి తెలియలేదు, అదీ సంగతి.

కొండ పైకి చేరేసరికి పది ముప్పై ఎనిమిది. నల్ల కారు అప్పటికే పాక దాటి రోడ్డెక్కుతోంది. హారన్ కొడితే ఐలా కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఎవరో వీడ్కోలు చెప్తున్నారనుకుని. నేను గడ్డిలోంచి పక్కగా పోయి ఆమె ముందు రోడ్డుకి అడ్డంగా బండి నిలిపాను. జెర్టీ రెండడుగుల దూరంలో ఆగింది. వెనక కేకులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఐలా దిగి నన్ను తిట్టిన తిట్లు ఒక నర్సు నోట రావలసినవి కావు. మా ఆయన ఆమెకి ఏమీ చెప్పకుండా నన్ను జెర్టీలో కూర్చోమన్నాడు. ముందు భాగం జాకీ పెట్టి లేపారు. ఎడమకి తిప్పాను. కాస్త తిరిగేసరికి తలుపు గడియ పడ్డట్టు పట్టేసింది. రెండు చేతులా లాగితే గాని రాలేదు. ఎక్కేటప్పుడు నీకు తెలియలేదా అని ఐలాని అడిగాను.

"తెలిసింది. నువ్వు కొత్తగా బిగించావు కదురా, అలాగే ఉంటుందనుకున్నా. గీత ఉందిగా" అంది తమ్ముడితో.

పీబల్స్ ఎర్రగా కందిపోయి, తప్పంతా తనదేనని అందరికీ చెప్పాడు. జెర్టీని ఇక్కడే వదిలేసి ఐలా తమ కారులో వస్తే సరిపోతుందన్నాడు. జనం హమ్మయ్య అనుకుని కప్పులు కడిగేసి కార్ల వైపు నడిచారు. పీబల్స్ మా ఆయన భుజం తట్టి, నీ తప్పేం లేదు, ఇక దీని గురించి ఎవరూ మాట్లాడరు, పద అన్నాడు. మాట్లాడేవారు కాదు కూడా. అక్కడితో అయిపోయేది. ఇంటికెళ్ళాక నేను నాలుగు తిట్టేదాన్ని, ఆయన ఇంకో అబద్ధం చెప్పేవాడు.

ఆయన చేతిరుమాలు తీసి జెర్టీ టైరు మీది గీత తుడిచాడు. సరే, న్యాయమే అనుకున్నాను. తరవాత పక్క కారు దగ్గరికి వెళ్ళి వంగి, దాని గీతా తుడిచాడు. దాని పక్క కారుదీ తుడిచాడు. నాలుగో కారుకి వచ్చేసరికి నడిచేవాళ్ళు నిలబడిపోయారు. ఆపుదామా అనిపించింది, నిజం చెప్పాలంటే. ముప్పై అయిదేళ్ళ పేరు, రుమాలుతో తుడిచేస్తున్నాడు.

పదకొండూ తుడిచాక టోపీ తీసి నిలబడ్డాడు.

"నా వేళ్ళకి రెండేళ్ళుగా స్పర్శ లేదు. పైకి చెప్పలేదు. ఈ వారం నేను చూసిన కార్లేవీ చూసినట్టు కాదు."

పీబల్స్ నవ్వి తేలిక చేయబోయాడు, ఈ చలికి ఎవరి వేళ్ళకైనా అంతేనన్నాడు. ఐలా అతన్ని పక్కకి నెట్టి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. అటు సముద్రం వైపు చూడమంది. ఆయన చూశాడు. ఆమె కోటుకి అలంకారంగా గుచ్చుకున్న బ్రోచి తీసి దాని సూదిని చూపుడు వేలికొసలో గుచ్చింది. రక్తం చుక్క పైకి వచ్చింది. మధ్య వేలు, ఉంగరం వేలు కూడా గుచ్చింది. ఆయన సముద్రం వైపే చూస్తూ, మొదలుపెట్టవేం అని అడిగాడు.

ఐలా బ్రోచి మళ్ళీ పెట్టుకోలేకపోయింది. నేనే పెట్టాను.

ఇప్పుడేం చేయాలన్నది ప్రశ్న. కిందకి పోవాలన్నా దిగుడే, వెనక్కి ఇంటికి పోవాలన్నా దిగుడే. పండగ పూట నలభై మైళ్ళలో ఇంకో మెకానిక్కు దొరకడు. సాయంత్రానికి మంచు కమ్ముతుంది. పది కుటుంబాలు ఆ గాలిలో కోట్లు దగ్గరికి లాక్కుని మా ఆయన వైపే చూస్తున్నాయి. ఆయన తన చేతులు తనవి కానట్టు దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. నేను బండి వెనకనుంచి రెండు గోనెపట్టాలు తీసి మొదటి కారు కింద పరిచాను.

"నోలీన్, కింద సంగతి నీకేం తెలుసు?" అన్నాడు పీబల్స్. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు.

"పైనుంచి ముప్పై తొమ్మిదేళ్ళు విన్నాను. నువ్వు ఆ హారన్ సంగతి తప్ప ఇంకేం మాట్లాడకు" అన్నాను.

ఈస్టర్‌కి కుట్టించుకున్న ఉన్ని స్కర్టుతో వెల్లకిలా పడుకున్నాను. మా ఆయన ఒక క్షణం నన్ను చూసి, తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మా పెళ్ళయ్యాక ఆ సీట్లో ఆయన, కింద నేను ఎప్పుడూ లేము. పానాతో రెండు దెబ్బలు కొట్టాను. ఆయన తిప్పాడు.

ఒక్కొక్క కీలు పేరూ పైనుంచి చెప్పాడు, నేను వేలు పెట్టాను. మొదటి కారులో నాకేమీ తెలియలేదు. తెలియకపోవడం కారు మంచిదై కాదేమో, నా వేలు చవటదై కావచ్చునేమో అని అన్ని కీళ్ళూ మళ్ళీ మొదటి నుంచి చూశాను. నేను బాగుందంటే ఆ కారులో మనుషులు కొండ దిగుతారు. ఈ భయాన్ని ఈయన ఇన్నేళ్ళు ఒక్కడూ మోశాడా అనుకున్నాను. రెండో కారులో ఒక బాల్ జాయింట్ కాస్త అరిగింది, ఆ వెంట్రుకవాసి ఆలస్యం నా వేలికి తగిలింది. ఇదీ అని చెప్పాను. ఎంత అని అడిగాడు. చెప్పాను. ఆ మాత్రం ఫరవాలేదు, దిగొచ్చు అన్నాడు. అప్పుడు గాని నా వేలి మీద నాకు నమ్మకం కుదరలేదు.

ఏడోది పీబల్స్ కారు. మంగళవారం నాడు మా ఆయన పావుగంటలో చూసి గీత గీసింది. కీళ్ళన్నీ చూశాను, ఒక్కదానిలోనూ ఏమీ లేదు. లేవబోతుంటే ఆగమన్నాడు. స్టీరింగ్‌లో ఏదో వదులుగా ఉన్నట్టు తన భుజాలకి తెలుస్తోంది, వేళ్ళకి కాదు, భుజాలకి, అన్నాడు. బాక్స్ మీదే అరచెయ్యి ఆనించమన్నాడు. రెండు దెబ్బలు కొట్టాను. ఆయన తిప్పాడు.

బాక్స్ కదిలింది. అది కదలకూడదు. ఇంజను పక్కన కారు చట్రానికి మూడు బోల్టులతో బిగించి ఉంటుంది, కదిలేవన్నీ దాన్ని ఆధారం చేసుకునే కదలాలి. మళ్ళీ రెండు దెబ్బలు కొట్టాను. మళ్ళీ కదిలింది. వెనకకి వేలు పోనిస్తే ఒక బోల్టుకి తలకాయ లేదు, ఇంకోటి చేత్తో తిరిగింది. మొత్తం స్టీరింగ్ ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. మూడు దెబ్బలు కొట్టాను. తెలియకుండానే నాలుగోది కూడా పడింది.

పీబల్స్ వంగి చూశాడు. చూసి, కంకర మీద చతికిలబడ్డాడు. మేవిస్ తాగుతున్న టీ కప్పు గోడ మీద పెట్టి, ఐలా వైపు చూసింది. రెండు గంటల క్రితం ఐలాని తమ కారులో రమ్మన్నారు. ఇక ఎవరూ మాట్లాడరు పద అన్నది పీబల్సే. చాలాసేపు, నేను ఊడదీసి ఇచ్చిన ఆ తల లేని బోల్టునే వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు.

మా ఆయన సీట్లోంచి దిగలేదు. స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. నేను కింద పడుకునే ఏడ్చాను, అక్కడైతే ఎవరికీ కనపడదు కాబట్టి. ఆయన మీద కోపం పోలేదు. కానీ రుమాలు తీసుకుని ఆ రెండో టైరు దగ్గరికి నడవకపోతే ఈపాటికి మేవిస్ ఎక్కడుండేదో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మిగతావి చూసేసరికి రెండున్నర. జెర్టీనీ పీబల్స్ కారునీ పాక దగ్గరే వదిలేశాం. తొమ్మిది కార్లు దిగాయి, గీతలు లేకుండా. ఒడ్డున హాల్లో చల్లారిన పంది తొడా, చితికిన కేకులూ తిన్నారు. ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. వర్షాల గురించి, గొర్రెల ధర గురించి మాట్లాడారు. ఎవరైనా నాలుగు మాటలన్నా అంటే బాగుండునని నాకనిపించింది. ఇంటికొచ్చాక ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి వంటింటి కిటికీలో పెట్టాడు. ఆదివారమంతా అది అక్కడే ఉంది. సోమవారమూ అక్కడే ఉంది. జెర్టీని ఎవరో లాక్కొచ్చి షెడ్డులో పెట్టి వెళ్ళారు, ఆయన బయటికి రాలేదు.

మంగళవారం లేచేసరికి పక్కన లేడు. కిటికీలో సుద్దముక్కా లేదు. షెడ్డు మూసేయడానికి వెళ్ళాడనుకున్నాను. టీ పట్టుకుని వెళ్తే జెర్టీ కింద గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద పానా, పట్టకారు, పిడులు నా వైపుకి ఉండేట్టు పెట్టి ఉన్నాయి. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా పై గుండీ ఊడే ఉంది. కప్పు బల్ల మీద పెట్టి ముందు ఆ గుండీ పెట్టాను.

"ఆలస్యమైంది" అన్నాడు.

కింద పడుకున్నాను. స్ప్లిట్ పిన్ను రెండో లాగుడుకి వచ్చేసింది. కడ్డీ విడదీశాను. ఆయన ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతూ పైకి లెక్కపెట్టాడు, మూడుంపావు చుట్లు. అందులో సగానికి తెచ్చి ఆపాడు. పుల్లలు గోడ మీద వంకర పటంలా పక్కకి ఒరిగి ఉన్నాయట. అదీ నడుము. స్క్రూ వదులు చేసి, మళ్ళీ కొంచెం కొంచెంగా బిగిస్తూ, రెండు దెబ్బలు, మళ్ళీ రెండు దెబ్బలు. బాక్స్ ఇనప చేతిలో ఆ తడబాటు సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది. ఒక దెబ్బ కొట్టి లాక్ నట్టు బిగించాను. ఇంకోసారి మొత్తం తిప్పమన్నాను, ఎక్కడా పట్టలేదు. ఆయన తిప్పడం ఎంత మెల్లగా తిప్పాడంటే, నేను ఎన్నడూ అంత మెల్లగా తిప్పలేదు. ఇన్నేళ్ళూ తొందరపడతావే నువ్వు అని గొణిగేవాడు, నేను విసుక్కునేదాన్ని. నిజంగానే తొందరపడేదాన్ని.

స్టీరింగ్ ఊడదీసి పుల్లలు తిన్నగా పెట్టి, కడ్డీ పొడుగు మునుపటిలా చేసి, అన్నీ తిరిగి బిగించేసరికి టీ చల్లారిపోయింది. బయటికి వచ్చి స్కర్టు దులుపుకుంటుంటే కిటికీలోంచి చెయ్యి చాచాడు. అరచేతిలో సుద్దముక్క ఉంది. తీసుకుని కుడి ముందు టైరు దగ్గర వంగాను.

గీత గీయబోతుంటే కారు లోపల నేల మీద బూటుతో రెండుసార్లు కొట్టాడు, మళ్ళీ అని. సుద్ద జేబులో వేసుకుని మళ్ళీ కింద పడుకున్నాను.